మిస్టర్ థ్రాల్‌కి ఇంకా చెప్పాల్సింది ఉంది

హాలిస్ థ్రాల్ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ సంగతి వచ్చినా అమెరికాలోని తన వెర్మాంట్ రాష్ట్ర రాజ్యాంగం దాకా వెళ్ళకుండా ఆయన ప్రాణం ఊరుకోదు. నలుగురి జేబుల్లో రుమాలుండే చోట ఆయన జేబులో రాజ్యాంగం ఉంటుంది. జలుబు చేసిన రోజుల్లో ఆయన జేబు తడుముకుంటే, బయటికొచ్చేది ఏదో తెలియక ఎదుటివాళ్ళు కాస్త వెనక్కి జరుగుతారు.

ఈస్ట్ గార్లండ్‌లో టౌన్ క్లర్కుగా ఉన్న కొరీన్ గాన్యాన్‌కి ఈ జబ్బు సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు. అప్పట్లో ఆయన స్కూలు బస్సు నడిపేవాడు. పిల్లలు గోల చేస్తే కసిరేవాడు కాదు. బస్సు పక్కకి ఆపి, అద్దంలోంచి చూస్తూ, పద్దెనిమిదో అధికరణం అప్పజెప్పమనేవాడు. న్యాయం, మితం, నిగ్రహం, శ్రమ, పొదుపు. స్వేచ్ఛ నిలబడాలంటే ఈ అయిదింటినీ గట్టిగా పట్టుకుని ఉండాలని అందులో రాసి ఉంది. కొరీన్‌తో చదువుకున్నవాళ్ళలో ఎక్కాలు రానివాళ్ళున్నారు గాని ఆ అయిదు మాటలు రానివాళ్ళు లేరు.

హోటల్లో గుడ్లు తేవడం ఆలస్యమైందంటే ఆయనకి నాలుగో అధికరణం గుర్తొచ్చేది. ప్రతి మనిషికీ న్యాయం ఆలస్యం లేకుండా, కొనుక్కోనక్కర్లేకుండా దొరకాలని వడ్డించే అమ్మాయికి వివరించేవాడు. ఆ అమ్మాయి కాఫీ పోస్తూ, "న్యాయం ఊరికే ఇస్తాం మిస్టర్ థ్రాల్. గుడ్లకి మాత్రం డబ్బులు కట్టాలి," అనేది. ఆయన కాసేపు ఆలోచించి, అందులో రాజ్యాంగ విరుద్ధమేమీ లేదని ఒప్పుకునేవాడు.

పెళ్ళిళ్ళకి ఆయన్ని పిలవక తప్పదు, పిలిస్తే మొదటి అధికరణం వినక తప్పదు. దేశానికి స్వాతంత్ర్యం ప్రకటించిన పెద్దలు సంతోషాన్ని వెతుక్కునే హక్కు మాత్రమే రాశారట. వెర్మాంట్ వాళ్ళు ముందుచూపున్నవాళ్ళు కాబట్టి, వెతుక్కోవడంతో ఆగకుండా దక్కించుకునే హక్కు కూడా రాసిపెట్టారట. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆయన చెప్పి ముగించేలోపు కేకు మీద క్రీము జారిపోయేది. పెళ్ళికొడుకు మటుకు మధ్యమధ్య తలూపేవాడు, దక్కించుకునే వేళ ఎప్పుడొస్తుందా అని.

ఇంట్లో ఆయన ఆటలు సాగేవి కావు. తీపి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి భార్య ఓపల్ రోజూ సాయంత్రం ఆయన కోటు జేబులు వెతికేది. ప్రమాణం చేసి వారెంటు తీసుకోకుండా సోదా చెయ్యకూడదని ఆయన పదకొండో అధికరణం ఎత్తాడు. ఓపల్ కుడిచెయ్యి పైకెత్తి, ఆ జేబులో డోనట్ ఉందని మా అమ్మ మీద ప్రమాణం చేస్తున్నానని చెప్పి, అదే చెయ్యి జేబులో పెట్టి డోనట్ బయటికి తీసింది.

"ఇది అన్యాయం ఓపల్," అన్నాడాయన. "శాసనం చేసేదీ నువ్వే, తీర్పు చెప్పేదీ నువ్వే, అమలు చేసేదీ నువ్వే. మూడు శాఖలూ విడివిడిగా ఉండాలి."

"సరే, అమలు శాఖ నీకిచ్చేస్తున్నా," అందావిడ. "వెళ్ళి అంట్లు తోము."

ఇదంతా ఏడాది పొడుగునా జరిగే చిల్లర వ్యవహారం. అసలు దర్బారు మార్చి నెల మొదటి మంగళవారం, ఊరి సభనాడు. ఆ రోజు ఊళ్ళో ఓటున్న ప్రతివాళ్ళూ టౌన్ హాల్లో చేరి, రోడ్లకెంత, బడికెంత అని చేతులెత్తి తేల్చుకుంటారు. ఇంటికో గిన్నె చొప్పున తెచ్చుకున్న వంటలు వెనక బల్లల మీద వేడిగా ఉంటాయి. వాటికీ జనానికీ మధ్య అడ్డంగా హాలిస్ థ్రాల్ గారు లేచి నిలబడతాడు. ఆయన ఉపన్యాసాన్ని ఆడవాళ్ళు అల్లికతో కొలిచేవారు. నిరుడు స్వెట్టరు చెయ్యి ఒకటి పూర్తయిందనీ, అంతకుముందేడు మెడ దాకా వచ్చిందనీ చెప్పుకునేవారు. సభ నడిపే రాయ్స్ లూమిస్‌కి గింజల కొట్టుంది. కోడిమేత బస్తాలు మోసి మోసి ఓపిక బాగా అలవాటైన మనిషి. ఆయన కూడా ఆ ఒక్క రోజు మాత్రం బల్ల కింద బూటు తీసి కాలు తిమ్మిరి వదిలించుకునేవాడు.

ఈ ఏడు సభ ముందుకి చిక్కు సంగతి ఒకటి వచ్చింది. టర్కీ హిల్ రోడ్డు మీద చలికాలంలో మంచు తీసే బండి నడపడం మానేద్దామని కొందరు ప్రతిపాదించారు. ఆ కొండమీద ఇప్పుడున్నది ఒకే ఒక్క ఇల్లు, డీలియా ఫార్నమ్‌ది. భర్త పోయాక ఒంటిచేత్తో ఆవుల్ని చూసుకుంటోంది. మంచు తియ్యకపోతే పాల లారీ పైకెక్కదు. లారీ ఎక్కకపోతే పాలు పారబొయ్యాలి, ఆ తర్వాత ఆవుల్ని అమ్ముకోవాలి. ఇది అందరికీ తెలుసు. ఒక్క ఇంటి కోసం అంత ఖర్చేమిటని అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళూ కాదు, వాళ్ళ పన్నుల బాధ వాళ్ళది. డీలియా ఎదురుగా ఉండి ఉంటే ఆ మాట అనడానికి నోరొచ్చేది కాదేమో. కానీ ఆవిడ సభకి రాలేదు.

రాయ్స్ ప్రతిపాదన చదివి, ఓటు పెట్టేస్తానన్నాడు. అప్పుడు హాలిస్ గారు లేచాడు. హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. అల్లిక సూదులు బయటికొచ్చాయి.

ఆయన ఏడో అధికరణంతో మొదలుపెట్టాడు. ప్రభుత్వం ఉన్నది అందరి మేలు కోసమని. వెనకనుంచి ఒకాయన, ఏ ఒక్క మనిషికో కుటుంబానికో లాభం చెయ్యడానికి కాదని కూడా అందులోనే ఉంది కదా అని అడిగాడు. ఉందని హాలిస్ గారు సంతోషంగా ఒప్పుకుని, ఆ మాటకి అర్థం చెప్పడం మొదలెట్టాడు. అక్కణ్ణుంచి ఆరో అధికరణానికి దిగాడు, అధికారులంతా జనానికి సేవకులని. అక్కణ్ణుంచి చేపలు పట్టే హక్కులోకి వెళ్ళిపోయాడు.

రాయ్స్ గొంతు సవరించుకున్నాడు. "హాలిస్, ఇంతకీ నువ్వు ఈ ప్రతిపాదనకి అనుకూలమా, వ్యతిరేకమా?"

"నేనింకా అక్కడికి రాలేదు మిస్టర్ మోడరేటర్."

చిక్కుడు గింజల కూర చల్లారిపోతోందని ఎవరో గొణిగారు. ఇరవయ్యో అధికరణం ప్రకారం మొర పెట్టుకోవడం కూడా మీ హక్కేనని హాలిస్ గారు వాళ్ళ వైపు తిరిగి ఆదరంగా చెప్పాడు.

వేదిక పక్కన కూర్చుని సభ వివరాలు రాసుకుంటున్న కొరీన్‌కి చెయ్యి నొప్పెట్టింది. కలం పక్కన పెట్టి, ఊరికే ఆయన్నే చూస్తూ కూర్చుంది. అలా చూస్తుంటే ఒక విషయం కనిపించింది. ఆయన మాట్లాడుతున్నది రాయ్స్‌తోనే అయినా, చూపు రాయ్స్ మీద లేదు. పుస్తకం మీదా లేదు. కిటికీలోంచి, బురదలో బళ్ళు ఆగేచోట ఉంది.

ఇంతలో బయట పాత ట్రక్కొకటి ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది. తలుపు తోసుకుని డీలియా ఫార్నమ్ లోపలికొచ్చింది. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, జుట్టులో గడ్డిపరకలు.

హాలిస్ గారు వాక్యం మధ్యలో ఉన్నాడు. దాన్ని అక్కడే వదిలేశాడు. "నా మాట అయిపోయింది మిస్టర్ మోడరేటర్," అని కూర్చున్నాడు.

ఆయన నోటినుంచి ఆ మాట అంత తొందరగా రావడం అల్లికవాళ్ళకి మింగుడుపడలేదు. సూదులు గాల్లో ఆగిపోయాయి.

డీలియాకి నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. తలుపు దగ్గరే నిలబడి, ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగిందనీ, వదిలి రావడానికి వీల్లేకపోయిందనీ సంజాయిషీ చెప్పుకుంది. తల్లీబిడ్డా క్షేమమేనా అని ఎవరో అడిగితే క్షేమమేనంది. తర్వాత కాసేపు బూట్లకేసి చూసుకుంది.

"నా సంగతికేం, నేను కాళ్ళున్నదాన్ని," అంది చివరికి. "మంచెంత పడ్డా నడిచి దిగొస్తా. పాలకి కాళ్ళు లేవు."

ఇందాక వెనకనుంచి అడ్డు ప్రశ్న వేసినాయనే ముందు లేచి, ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దామన్నాడు. ప్రతిపాదనకి అనుకూలంగా రాయ్స్ చేతులు అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. వ్యతిరేకంగా అడిగితే సూదులతో సహా లేచాయి.

ఆ సూదుల్ని చూస్తూనే కొరీన్‌కి ఇంకో మార్చి నెల గుర్తొచ్చింది. తను మొదటిసారి క్లర్కు పనికి నిలబడిన ఏడు. కారు బురదలో దిగబడి, మోకాళ్ళ దాకా మట్టితో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి హాల్లో హాలిస్ గారు మూడు శాఖల గురించి చెబుతున్నాడు. అప్పటికే సగంమంది కునుకుతున్నారు. హమ్మయ్య, ఈ ముసలాయన నస వల్ల నా ఎన్నిక ఇంకా మొదలవలేదు అనుకుంది. అది తన అదృష్టమేనని ఇన్నేళ్ళూ నమ్మింది. లైబ్రరీ మూసేద్దామన్న ఏడు కూడా అంతే. లైబ్రరీ ఉండాలనే మిల్లువాళ్ళు డ్యూటీ దిగి హాల్లోకి వచ్చేదాకా ఆయన పొదుపు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరి సంగతైతే తేలాలో ఆ మనిషి రాకుండా ఆయన ఏనాడూ కూర్చోలేదు.

భోజనాల దగ్గర కొరీన్ ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన చిక్కుడు గింజల మీద దృష్టి పెట్టి తింటున్నాడు.

"మిస్టర్ థ్రాల్, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పాలి," అంది. "ఇన్నేళ్ళూ మీరు మమ్మల్ని విసిగించింది రాజ్యాంగం కోసం కాదు కదూ? నాకోసం కూడా ఆ రోజు కావాలనే సాగదీశారు కదూ?"

హాలిస్ గారు నమిలింది మింగి, మూతి తుడుచుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"పదో అధికరణం," అన్నాడు. "తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఏ మనిషినీ బలవంతపెట్టకూడదు. ఆ దోసకాయ ఊరగాయ కాస్త ఇటు జరుపు తల్లీ."

కొరీన్ గిన్నె మొత్తం ఆయన ముందుకి జరిపింది.