గోడకి బొట్టు పెట్టే మాస్టారు

ఆశీర్వాదం మాస్టారి ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ బొట్టు పెట్టుకోలేదు. వాళ్ళు లూథరన్ క్రైస్తవులు. కానీ తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఆయన బొట్టు పెట్టని ఆసుపత్రి గోడ మాత్రం లేదు.

డాక్టర్లకీ నర్సులకీ నాణ్యత పెంచడం నేర్పడం ఆయన పని. అంటే, ఆసుపత్రిలో మాటిమాటికీ జరిగే పొరపాటుని ఎలా తగ్గించాలో చెప్పడం. ఇంకొకరయితే కంప్యూటరు తెచ్చుకుంటారు. మాస్టారు జేబులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీస్తారు. గోడకి గళ్ళ కాగితం తగిలించి, ఏ రోజు ఎన్ని పొరపాట్లు జరిగితే అన్ని బిళ్ళలు ఆ రోజు గడిలో కింది నుంచి పైకి అంటించమంటారు.

“బొట్లు పైకెక్కాయంటే మనం దిగజారినట్టు” అంటారు.

ఆ బిళ్ళలు కొనడమే ఒక ప్రహసనం. ఓసారి తెనాలిలో ఫ్యాన్సీ షాపుకి నేనూ వెంట వెళ్ళాను.

“ఎర్రవి ఇరవై అట్టలివ్వమ్మా.”

“ఇరవయ్యే! పిన్నిగారికా బాబాయ్‌గారూ?”

“పిన్నికి కాదమ్మా, గోడకి.”

ఆ పిల్ల ఆయన్ని ఎగాదిగా చూసి, జాలిపడి ఒక అట్ట ఊరికే ఇచ్చింది.

మాస్టారి భార్య క్రిస్టినమ్మగారి బాధ వేరు. భర్త చొక్కా ఉతకబోతే భుజం మీద ఎర్రటి బొట్టు కనపడింది.

“ఇదేంటండీ?”

“మంగళవారం నాటి ఇంజక్షన్ పొరపాటే క్రిస్టినా! బాపట్ల గోడమీంచి రాలిపోయిందనుకున్నా, ఇక్కడుందా?”

ఈ జవాబుతో ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? ఆదివారం చర్చి వదలగానే స్త్రీల సమాజం మొత్తం దిగబడి మాస్టారి మనసు మారాలని గంటసేపు ప్రార్థన చేసింది. ఆయన కళ్ళు మూసుకుని ఆమెన్ అంటూనే, ఆ గంటలో కరెంటు ఎన్నిసార్లు పోయిందో లెక్కపెట్టుకున్నారు.

ఆయనకి ఇంకో పట్టుదల ఉంది. ‘ఎవరు చేశారు’ అని చచ్చినా అడగరు. ‘ఎన్నిసార్లు’ అనే అడుగుతారు. నాకక్కడే ఒళ్ళు మండేది. నా పేరు పాండురంగారావు. రేపల్లెలో డాక్టర్ జనార్దనరావుగారి నర్సింగ్‌హోంలో గుమాస్తాని. పొరపాటు ఎవరిదో పట్టుకుని మెమో కొట్టడం నా ఉద్యోగం. అబద్ధం ఎందుకు, నా సరదా కూడాను.

పోయినేడు మాకు ఇడ్లీల బెడద పట్టుకుంది. ఆపరేషన్ బల్ల ఎక్కే మనిషి ఖాళీ కడుపుతో ఉండాలి కదా. తీరా ఎక్కించబోతే ఇడ్లీ తిని ఉండేవాడు. ఆపరేషన్ వాయిదా. ఆ ఏడు అలా వాయిదా పడ్డ అయిదో ఆపరేషన్ యలమంద హెర్నియా. ముందురోజు అతనికి జాగ్రత్తలు చెప్పిన నర్సు వెన్నెల. చేరి రెండు నెలలు, మొదటి ఉద్యోగం.

“మెమో కొట్టవయ్యా. శనివారం సంతకం పెట్టి ఇంటికి పంపించేస్తా” అన్నారు డాక్టరుగారు.

“నేను చెప్పానండి. ఒట్టండి, చెప్పానండి” అని వెన్నెల ఏడ్చింది. నేను మెమో ప్రింటు తీశాను. ఒక్క అక్షరం తప్పు లేకుండా వచ్చిందని మురిసిపోయాను కూడా.

ఆ వారమే మా దగ్గర మాస్టారి క్లాసులు. ఆయన గోడకి కాగితం తగిలించి, “ఈ ఏడు ఏ రోజున ఇడ్లీ గొడవ జరిగితే ఆ గడిలో ఒక బిళ్ళ పెట్టండమ్మా. పేర్లు నాకొద్దు” అని, అట్ట అక్కడే వదిలేసి టీకి వెళ్ళిపోయారు.

మర్నాటికి గోడమీద పద్నాలుగు బిళ్ళలు! నా రిజిస్టర్లో అయిదే. మిగతావి డాక్టరుగారికి తెలియకుండా ఆపరేషన్ల వరస మార్చి సాయంత్రానికి నెట్టేసినవన్నమాట. అందులో ఆరు వెన్నెల చేరకముందువి.

“ఇవి ఎవరంటించారు?” డాక్టరుగారు గుడ్లురిమారు.

“తెలియదండి. టీకెళ్ళానండి.”

శనివారం పొద్దున మాస్టారు డాక్టరుగార్నీ, వెన్నెలనీ, నన్నూ యలమంద మంచం దగ్గరికి తీసుకెళ్ళారు. యలమందది నిజాంపట్నం, పడవల మీద పని.

“తమ్ముడూ, ఈ అమ్మాయి నీకేం చెప్పింది?”

“ఉపవాసం ఉండమందండి.”

“మరి?”

“ఉన్నానండి! రాత్రి నుంచీ మెతుకు ముట్టలా. పొద్దున నాలుగు ఇడ్లీలతో సరిపెట్టుకున్నా.”

“ఇడ్లీలు తింటే ఉపవాసం ఏంటయ్యా!” అని డాక్టరుగారు కేకేశారు.

మాస్టారు వినయంగా చేతులు కట్టుకున్నారు. “సార్, శనివారాలు మీరూ ఉపవాసం కదండీ?”

“ముప్పై ఏళ్ళుగా. ఒక్క వారం తప్పలేదు.”

“ఇవాళ పొద్దున ఏం తీసుకున్నారండీ?”

“ఉప్మా పెసరట్...”

“అల్లం పచ్చడేసుకున్నారా సార్?” అని యలమంద ఆప్యాయంగా అడిగాడు.

మా వైపు ఉపవాసమంటే అన్నం మానడమే మరి. టిఫిన్ మానమని ఏ దేవుడూ అడిగినట్టు లేదు.

ఆ పూట నుంచే వెన్నెల ఉపవాసమనే మాట మానేసింది. “అన్నం వద్దు, ఇడ్లీ వద్దు, టీ వద్దు. డాక్టరుగారు సరేననేదాకా ఏదీ వద్దు. ఏం చెప్పానో ఏదీ, మళ్ళీ చెప్పు బాబాయ్” అని పేషెంటు చేతా, తోడున్న మనిషి చేతా అప్పజెప్పించేది. ముందు ఒక్క వార్డులో చేసి చూశాం, తర్వాత అన్నిట్లో. మరుసటి నెల గోడమీద ఒకే ఒక్క బిళ్ళ. వెన్నెల మెమో నేనే చింపేశాను.

ఆ నెలాఖరున గోడ చూసిపోవడానికొచ్చిన మాస్టార్ని బస్సెక్కించడానికి వెళ్ళినప్పుడు అడిగాను. “ఇంట్లో అన్ని తంటాలు పడుతూ ఈ బిళ్ళలెందుకండీ? రిజిస్టర్లో రాయిస్తే పోదూ?”

“కుర్రతనంలో ఓ ల్యాబులో చేశానండి. అక్కడ పొరపాట్ల పుస్తకం ఉండేది. పేరు అక్కర్లేదన్నారు. నాగమ్మ అని నా పక్క సీటు, పాపం నిజం రాసింది. చేతిరాత పట్టుకుని తీసేశారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ రాయలేదు.” బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగారు. “బొట్టుబిళ్ళకి చేతిరాత ఉండదండీ.”

నాకు సిగ్గేసింది. చేతిరాతలు పట్టడంలో రేపల్లెలో నన్ను మించినవాడు లేడు.

వారం తిరక్కుండా డాక్టరుగారి భార్య రాధారాణిగారు చొక్కా పట్టుకుని ఆసుపత్రికొచ్చారు. భుజం మీద ఎర్రటి బొట్టు. అప్పుడర్థమైంది నాకు, గోడమీది ఆ ఒక్క బిళ్ళ ఎవరు పెట్టారో. పాపం, అలవాటు కొద్దీ ఏ పేషెంటుతోనో ఉపవాసం ఉండమనేసుంటారు. పైకి అనలేదు.

“ఎవరిదండీ ఈ బొట్టు?”

“ఎవరని అడక్కూడదు రాధా” అన్నారు డాక్టరుగారు, బిక్కమొహంతో.

“సరే. ఎన్నిసార్లు?”

నేను వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను, స్త్రీల సమాజాన్ని వెంటబెట్టుకుని రమ్మని.