ఐదో రౌండులో మిగిలిన ఇరవై రెండు సెకన్లు

మెరుపు ఇంకో ఇరవై రెండు సెకన్లు నిలబడగలిగేవాడా?

ఈ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. బతుకులో సగానికి పైగా లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ, సర్దనప్పుడు చదువుతూ గడిపినవాణ్ణి. ఎంతటి ప్రశ్నకైనా ఎక్కడో ఒక పేజీలో జవాబు దొరుకుతుందని నమ్మేవాణ్ణి. దీనికి దొరకలేదు. ఈ ప్రశ్నను నాకు మిగిల్చి వెళ్ళినవాడు మా బావ.

బావ అంటే మా అక్క భర్త. ఊరందరికీ గంటాయన. పగలంతా వాచీలు బాగుచేసేవాడు, సాయంత్రం బాక్సింగ్ క్లబ్బులో గంట కొట్టేవాడు. ఆ ఆట మీద నాకు ఇష్టమూ లేదు, ద్వేషమూ లేదు. అక్క పెళ్ళితో పాటు అదీ మా ఇంటికి వచ్చింది, అంతే.

ఆయన షాపు ఒక పాత భవనంలో మెట్ల కింద ఉండేది. లోపలికి వెళ్ళాలంటే తల వంచాల్సిందే. ఒక బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద మూతలు తీసిన వాచీలు. కుడికంటికి భూతద్దం బిగించుకుని, చేతిలో సన్నటి పట్టకారుతో, ఊపిరి కూడా తగ్గించి తీసుకుంటున్నట్టు కూర్చునేవాడు. గోడ మీద పదకొండు గడియారాలు ఉండేవి. అన్నీ ఒకే టైము చూపించేవి. దారిన పోయేవాళ్ళు లోపలికి రాకుండానే తొంగిచూసి తమ వాచీలు సరిచేసుకుని వెళ్ళిపోయేవారు.

"వీళ్ళెవరూ పని ఇవ్వరు కదా, పైగా గుమ్మానికి అడ్డం," అని నేనంటే బావ నవ్వేవాడు.

"పోనీలే. తప్పు టైముతో తిరగడం కన్నా నయం కదా."

క్లబ్బులో రింగు పక్కన ఒక చిన్న బల్ల ఆయనది. దానికి బిగించిన ఇత్తడి గంట, ఒక కొయ్య సుత్తి, స్టాప్ వాచీ. రౌండుకు మూడు నిమిషాలు, రౌండుకూ రౌండుకూ మధ్య ఒక నిమిషం విశ్రాంతి. రౌండు ముగియడానికి పది సెకన్లు ఉందనగా సుత్తి పిడితో బల్ల అంచు మీద మూడుసార్లు కొట్టేవాడు. కొట్టుకుంటున్న ఇద్దరికీ అది హెచ్చరిక. తర్వాత గంట. యాభై ఏళ్ళకు పైగా ఇదే క్రమం. "సెకను ఎవరికీ చుట్టం కాదు" అనేది ఆయన మాట. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఒకసారి చెప్పేవాడు.

ఈ లెక్క ఇంట్లో కూడా వదిలేది కాదు. అక్క అందరి ముందూ ఆయన పరువు తీసేది.

"పెళ్ళయిన కొత్తలో నేను అలిగితే మీ బావ మూడు నిమిషాలు బతిమాలేవాడు. తర్వాత ఒక నిమిషం కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగేవాడు. మళ్ళీ వచ్చి మూడు నిమిషాలు."

"ఎన్ని రౌండ్లకు దిగొచ్చేదానివి?" అని నేను.

"నేనెక్కడ దిగాను? ఆయనే అలిసిపోయి పడుకునేవాడు."

ఇక మెరుపు. ఇళ్ళకు రంగులు వేసే పని అతనిది. చిన్నప్పటి నుంచీ బావకు ప్రాణస్నేహితుడు. రింగులో అతని చెయ్యి కనబడేది కాదు, అవతలివాడి తల వెనక్కి వెళ్ళడమే కనబడేదని చూసినవాళ్ళు చెప్పేవారు. అతనికి ఆ పేరు నిలిపిన పోటీ ఒకటుంది. అవతలివాడు గూడ్స్ షెడ్డులో మూటలు మోసే మనిషి, అందరూ ఇటుక అని పిలిచేవారు. ఆరు రౌండ్లు. ఐదో రౌండులో ఇటుక మెరుపును తాళ్ళకు ఆనించి చితక్కొట్టాడు. పడిపోతాడనుకునేలోగా గంట మోగింది. ఆరో రౌండులో మెరుపు మళ్ళీ మెరుపే అయ్యాడు. పాయింట్ల మీద గెలిచాడు. ఇటుక ఆ తర్వాత మళ్ళీ రింగెక్కలేదు.

"ఐదో రౌండులో గంట కొట్టబట్టి సరిపోయింది గానీ," అని జనం యాభై ఏళ్ళ పాటు చెప్పుకున్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా బావ తలవంచుకుని చేతిలో ఏ వాచీ ఉంటే దాన్ని చూసుకునేవాడు. వినయం అనుకున్నాను. ఇటుక పోయిన రోజున షాపు మూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, జనంలో అందరికన్నా వెనక నిలబడి వచ్చాడు. అదీ మంచితనమే అనుకున్నాను.

మెరుపు వయసు మళ్ళాక అతని చేతులు వణకడం మొదలుపెట్టాయి. రంగు డబ్బా పట్టుకోలేకపోయాడు. అయినా రోజూ సాయంత్రం క్లబ్బుకు వచ్చి గోడవారగా కుర్చీలో కూర్చునేవాడు. వాళ్ళబ్బాయి కూతురు అక్కడే బాక్సింగ్ నేర్చుకుంటోంది. పై స్థాయి పోటీలకు వెళ్ళొచ్చిన పిల్ల. క్లబ్బులో అప్పటికి ఆమెను మించినవాళ్ళు లేరు. తాతకు ఆమె ఎదురుగా కోచ్‌తో వాదించడం ఒక కాలక్షేపం.

"ఏమయ్యా కోచ్, మీవాళ్ళు గుద్దే ముందు ఫోన్ చూసుకుంటారా, గుద్దాక చూసుకుంటారా?"

"గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూసుకుంటారు పెద్దాయనా. మీ రోజుల్లో అదెవరు చూశారు?"

"చూడ్డమెందుకు? కొట్టుకుంటోంటే బతికున్నట్టే కదా."

"మీరు గోడలకు రంగులేసి వచ్చి అలాగే రింగెక్కేవారు. ఈమె తిండీ నిద్రా అన్నీ కొలత ప్రకారమే. మీ కాలంలో ఎంత గొప్పవాడైనా ఇప్పటివాళ్ళ ముందు నిలవలేడు. అది మీ తప్పు కాదు."

"కొలిచి తింటే చెయ్యి త్వరగా లేస్తుందా? అయితే ఒక పూట మానేస్తే ఇంకా తేలిగ్గా లేవాలే."

మనవరాలు తాడాట ఆపకుండానే నవ్వేది. "తాతా, నువ్వు నాతో రింగెక్కు. తేలిపోతుంది."

"నీ తాత కుర్చీలోంచి లేచేసరికి నీ రౌండు అయిపోతుందే," అనేవాడు మెరుపు. ఆ నవ్వుల్లో బావ కూడా ఉండేవాడు.

ఈ వాదన అలాగే సాగిపోయేది. కానీ క్లబ్బు అలమరా ఖాళీ చేస్తుంటే రేకు డబ్బాలు కొన్ని బయటపడ్డాయి. ఆ పాత పోటీని ఎవరో ఫిల్ము తీశారట. చెమ్మకు చాలావరకు అతుక్కుపోయింది. ఒక్క చుట్ట మాత్రం బాగుంది. అందులో ఐదో రౌండు మొదటి నుంచి చివరి దాకా ఉంది. శబ్దం లేదు. కోచ్ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. పెద్దవాళ్ళ మీద గౌరవం ఉన్న కుర్రాడే. వాదనకు వాదనే, కానీ నిజంగా పోల్చి చూడాలనుకున్నాడు. తాతనూ మనవరాలినీ పక్కపక్కన తెర మీద వేసి, ఆదివారం పొద్దున అందరికీ చూపిద్దామని అనుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం అతను షాపుకు వచ్చాడు. నేను అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాను.

"ఒక సందేహం సార్. ఫిల్ములో ఆ రౌండు రెండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లే వస్తోంది. పాత కెమెరాలు కదా, ఫిల్ము ఉండాల్సినదాని కన్నా వేగంగా నడుస్తోందని నా అనుమానం. మూడు నిమిషాలకు సాగదీస్తే అసలు వేగం వస్తుంది. ఆ రోజు గంట మీరే కదా కొట్టారు? సరిగ్గా మూడు నిమిషాలకేనా?"

బావ కంటికి ఉన్న భూతద్దం తీయలేదు.

"రౌండంటే మూడు నిమిషాలే," అన్నాడు.

"అంతే సార్. మీరు చెప్తే ఇక తిరుగు లేదు."

అతను వెళ్ళాక బావ పట్టకారు కింద పెట్టాడు. తర్వాత భూతద్దం తీసి గుడ్డ మీద పెట్టాడు.

"ఫిల్ము సరిగ్గానే ఉంది," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ రౌండులో మెరుపుగాడి చూపు పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. చేతులు కిందికి జారిపోయాయి. రెఫరీ అటు పక్కన ఉన్నాడు, అతనికి వాడి మొహం కనబడలేదు. నాకు కనబడింది. ఇటుక కుడిచెయ్యి వెనక్కి తీశాడు. నేను వాచీ చూశాను. రెండు ముప్పై ఎనిమిది. గంట కొట్టేశాను."

"ఎవరూ కనిపెట్టలేదా?"

"నా వాచీని ఎవరు అనుమానిస్తారు?"

గోడ మీద పదకొండు గడియారాలు నడుస్తున్నాయి. "ఇప్పుడు పోయేదేముంది బావా? మాట్లాడకుండా ఉంటే సరి," అన్నాను. ఆ సలహా ఇచ్చినవాణ్ణి నేనే. దాచుకోవడం ఎందుకు.

"మాట్లాడకపోతే ఆ సాగదీసిన ఫిల్ములో వాడు నిదానస్తుడవుతాడు. మాట్లాడితే వాడి గెలుపు పోతుంది," అన్నాడు బావ. "నా సంగతి వదిలెయ్."

ఆదివారం పొద్దున క్లబ్బు హాలులో కుర్చీలు వేశారు. కిటికీలకు దుప్పట్లు కట్టారు. ముప్పై నలభై మంది దాకా వచ్చారు. మెరుపు ముందు వరసలో, పక్కనే మనవరాలు. బావ తన అలవాటు చోటికే వెళ్ళి, రింగు పక్కన గంట బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ఆయన వెనక.

తెర మీద ఎడమవైపు తాత, కుడివైపు మనవరాలు. కోచ్ ముందుగా లెక్క వివరించాడు. రౌండు మూడు నిమిషాలన్నది గంటాయనే స్వయంగా చెప్పారని, అందుకే ఫిల్ము వేగం సరిచేశానని అన్నాడు. ఇద్దరూ ఒకేసారి ఆరు గుద్దుల వరస మొదలుపెట్టే చోట నుంచి నడిపాడు. మనవరాలి ఆరో గుద్దు పడేసరికి తాతది ఐదే అయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఐదే. చూడగా చూడగా తెర మీది మనిషి తడిసిన చొక్కాతో కదులుతున్నట్టు కనబడసాగాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మర్యాదగా ఊరుకున్నారు. మనవరాలు తాత మోకాలి మీద చెయ్యి వేసి, "అయినా నువ్వు బాగానే ఉన్నావు తాతా," అంది.

మెరుపు తెర వైపే చూస్తున్నాడు. "అది నేనేనా?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలియక అడిగాడు. "యాభై ఏళ్ళు నాతో అబద్ధం చెప్పారా అందరూ?"

బావ లేచాడు.

"బాబూ, నువ్వు సాగదీసింది తీసెయ్. దొరికింది దొరికినట్టు వెయ్. రౌండు చివర."

కోచ్ ఏదో అనబోయి, ఆయన మొహం చూసి మానేశాడు. ఫిల్ము దాని మామూలు వేగంతో నడిచింది. మెరుపు తాళ్ళకు ఆనుకుని ఉన్నాడు. ఇటుక అతని మీద పడి కొడుతున్నాడు.

"వాళ్ళను చూడకండి. కింద, మూల చూడండి. అది నా బల్ల. ఆ చెయ్యి నాది," అన్నాడు బావ. "పది సెకన్లు ముందు సుత్తి పిడితో బల్ల కొడతాను కదా. కొట్టానా?"

అందరం చూశాం. తెర మూల ఒక చెయ్యి కదలకుండా ఉంది. ఒక్కసారిగా లేచి తిన్నగా గంట మీద పడింది. బల్ల అంచును తాకనే లేదు. రింగులో ఇద్దరూ విడిపోయారు.

"కొట్టలేదు. టైము కాలేదు కనక కొట్టలేదు. ఫిల్ము తప్పు కాదు, గంట తప్పు. ఇరవై రెండు సెకన్లు మిగిలుండగా కొట్టాను. మొన్న నువ్వు అడిగినప్పుడు కూడా నిజం చెప్పలేదు. వాడి వేగం మీరు ఇందాక చూసింది కాదు. ఇప్పుడు చూసిందీ, ఇన్నాళ్ళూ విన్నదీ, అదే."

కోచ్ మెల్లగా ఆ ఆరు గుద్దుల వరస మళ్ళీ వేశాడు. ఈసారి తాతా మనవరాలూ ఒకేసారి ముగించారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ మెరుపు వైపు చూస్తున్నారు.

మెరుపు వెనక్కి తిరగలేదు.

"ఒరేయ్ గంటా," అన్నాడు. "ఎందుకు కొట్టావురా?"

"నీకు చూపు పోయింది."

"నాకు పోయింది. నీకెలా తెలుసు?"

"కనబడింది."

"నేను నిలబడేవాణ్ణిరా." గొంతు పెద్దది చేయలేదు. ఆ వణికే చేతులు రెండూ ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "ఇరవై రెండు సెకన్లు. నిలబడేవాణ్ణి. ఎన్ని వందల రౌండ్లు నా పక్కన కూర్చున్నావు. నువ్వు నమ్మలేదు."

కోచ్ మధ్యలో వచ్చాడు. "ఇప్పటి రూలు ప్రకారమైతే ఆ స్థితిలో రెఫరీయే ఆపేసేవాడు పెద్దాయనా. డాక్టరు కూడా ఉండేవాడు. ఈయన చేసింది..."

"ఇప్పటి రూలు మీకుందయ్యా," అన్నాడు మెరుపు. "మాకు లేదు. మాకు వాడొక్కడే ఉన్నాడు." అది మెచ్చుకోలో, నిందో, నేను ఎన్నిసార్లు తిరగేసినా తేలలేదు.

బావ క్షమించమని అనలేదు. నీ ప్రాణం కాపాడానని కూడా అనలేదు. జేబులోంచి స్టాప్ వాచీ తీసి, చొక్కా అంచుతో అద్దం తుడిచి, గంట పక్కన పెట్టాడు. సుత్తిని దాని చోట పెట్టి, పిడి తిన్నగా ఉందో లేదో చూశాడు.

ఆ క్లబ్బు నుంచి ఆయన ఏ రోజూ చెప్పకుండా వెళ్ళలేదు. రింగు తుడిచే మనిషి నుంచి పేరుపేరునా అందరికీ వెళ్ళొస్తానని చెప్పి, మెరుపు భుజం మీద ఒక్కటి తట్టి వెళ్ళేవాడు. ఆ రోజు కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ మెరుపు వెనగ్గా వచ్చాడు. నడక కాస్త తగ్గింది. చెయ్యి లేచినట్టే అనిపించింది. మళ్ళీ కిందికి దిగింది.

"తాతా, గంటాయన వెళ్ళిపోతున్నాడు," అంది మనవరాలు.

మెరుపు తల తిప్పేలోగా బావ కిటికీకి కట్టిన దుప్పటి దాటి, తలుపు తీసి, ఎండలోకి వెళ్ళిపోయాడు. వెళ్ళొస్తానని అనలేదు.