మునిగిపోయే ఆఖరి అక్షరం

భర్త చక్రపాణి పోయాక ఆయన రేడియో సెట్టును కమలకుమారి చాలాకాలం ముట్టుకోలేదు. పంజాగుట్టలో మూడో అంతస్తు వాటా వాళ్ళది. పైన డాబా మీద ఆయన నిలబెట్టిన ఏరియల్ కూడా అలాగే ఉండిపోయింది. ఆమె పొద్దున్నే మైత్రీవనం వెళ్ళి, ఓ కోచింగ్ సెంటర్ కౌంటర్లో కూర్చుని, జావా బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో వచ్చినవాళ్ళందరికీ చెప్పి, సాయంత్రానికి ఇల్లు చేరేది. ఆయన ఉన్నన్నాళ్ళూ, "ఆ గురగురలో మీకేం వినిపిస్తుందండీ?" అని విసుక్కోవడమే తప్ప ఒక్కసారీ చెవిపెట్టి వినలేదు.

2002లో ఐలయ్య వచ్చాడు. కరెంటాఫీసులో పని. చక్రపాణికి రేడియో స్నేహితుడు. ఇద్దరికీ సరదాకి రేడియోలో దూరప్రాంతాల వాళ్ళతో మాట్లాడుకునే హామ్ లైసెన్సులుండేవి.

"వదినా, ఎన్నడో బ్యాటరీ చెడిపోయి సచ్చిపోయిందనుకున్న మా హామ్‌ల శాటిలైట్ మళ్ళ మాట్లాడుతున్నది. ఎండ తగిలినంత సేపు పనిచేస్తదట. అన్న ఉంటే మస్తు ఖుష్ అయ్యేటోడు."

"నేను వినొచ్చా?" అంది ఆమె.

"వినుడుకేం వదినా. మాట్లాడాలంటేనే లైసెన్స్ గావాలె."

సెట్టు ఎలా తిప్పాలో చూపించి వెళ్ళాడు.

కొన్నాళ్ళకు, ఓ సాయంత్రం, హోరులోంచి ఒక మగగొంతు వచ్చింది. సన్నగా మొదలై, ఉపగ్రహం దాటిపోతున్నకొద్దీ బరువెక్కింది. "వీయూ టూ, కిలో, పాపా..." అంతే, మునిగిపోయింది. కాసేపటికి తేలి, మళ్ళీ అక్కడే మునిగింది. ఆ తర్వాత రావాల్సింది రోమియో అనుకుంది ఆమె. కిలో, పాపా, రోమియో. ఏళ్ళ తరబడి వంటింట్లో ఉండగా ఆమె చెవిన పడిన, రేడియోలో చక్రపాణి తన గుర్తుగా చెప్పుకునే పిలుపు అక్షరాలవి.

ఆమె సెట్టు దగ్గరికి జరిగింది. మైకు లేదు, ఉన్నా వాడే హక్కు లేదు. అయినా, "వింటున్నానండీ," అంది పైకే.

ఆ తర్వాత ఆఫీసులో పని మిగిలినా ఆగేది కాదు. సాయంత్రం బంధువులు పిలిస్తే వెళ్ళడం మానేసింది. గొంతు కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. వచ్చినప్పుడల్లా ఆఖరి అక్షరం నీళ్ళలో జారినట్టు జారిపోయేది. రాని రోజు ఆమెకు అన్నం సయించేది కాదు.

చివరికి ఐలయ్యతో చెప్పింది. "ఆయన పిలుస్తున్నారు ఐలయ్య గారూ."

అతను నవ్వలేదు. ఒకరోజు పక్కన కూర్చుని విన్నాడు. గొంతు మునిగినప్పుడు అతని మొహం కూడా మారింది. లేచి డాబా మీది ఏరియల్ చూసి వచ్చాడు.

"వదినా, గా శాటిలైట్ తిరుక్కుంట పోతది. దాని రేడియో అల సుత మెలి తిరుగుతది. మన ఏరియల్ నిలువుగ ఉన్నది. అల అడ్డం తిరిగినప్పుడల్లా మనకు అందుతలేదు. ఇంకోటి అడ్డంగ కట్టి, కేబుల్ జర కొలత చూసి రెండూ కలిపితే, ఎట్ల తిరిగినా పడతది. కట్టాల్నా?"

ఆమె సెట్టు మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "కట్టండి," అంది తర్వాత.

ఆదివారం పొద్దున డాబా మీద పాత ఏరియల్‌కు అడ్డంగా కొత్తది బిగించాడు. ఉపగ్రహం వచ్చేవేళకు ఇద్దరూ సెట్టు ముందు కూర్చున్నారు. ఈసారి గొంతు మునగలేదు.

"వీయూ టూ, కిలో, పాపా, టాంగో. వరంగల్ నుంచి బుచ్చిబాబు."

ఎవరో పెద్దాయన. మధ్యలో దగ్గాడు. తమ ఊళ్ళో ఉక్కగా ఉందన్నాడు. ఆయన గొంతు చక్రపాణి గొంతులా లేనే లేదు. కమలకుమారి చివరిదాకా విని సెట్టు ఆపేసింది.

"తీసేద్దమా వదినా?" అన్నాడు ఐలయ్య, ఆమె వైపు చూడకుండా.

"వద్దు. ఉండనివ్వండి. ఆ బుచ్చిబాబు గారితో మీరు మాట్లాడినప్పుడు, హైదరాబాదులో ఒకావిడ వింటోందని చెప్పండి."

ఐలయ్య చెప్పాడు. అప్పట్నుంచి బుచ్చిబాబు చివర్లో, "వింటున్న అమ్మగారికి నమస్కారం," అనేవాడు. ఆమె మళ్ళీ బంధువుల ఇళ్ళకు వెళ్ళసాగింది. అందరూ కోలుకుందనే అనుకున్నారు.

కానీ ముసురు పట్టిన ఒక సాయంత్రం ఆమె గొడుగేసుకుని డాబా ఎక్కింది. అడ్డంగా కట్టిన ఏరియల్ కేబుల్ ఊడదీసి, కిందికి వచ్చి సెట్టు ముందు కూర్చుంది. కిలో, పాపా... గొంతు మునిగింది. ఆ హోరులో ఆమె రోమియో అనే అక్షరం కోసం చెవిపెట్టి కూర్చుంది.

వాన వెలిశాక వెళ్ళి కేబుల్ మళ్ళీ తగిలించింది. ఈ సంగతి ఐలయ్యకు చెప్పలేదు.