మా గేటు మీద టులెట్ బోర్డు

నిన్న పొద్దున షాపులో చీరలు మడత పెడుతుంటే ఫోన్ వచ్చింది. సీతారావమ్మ గారు పోయారట.

మా హౌస్ ఓనర్. మొన్న హాస్పిటల్‌కి వెళ్తూ కూడా "మోటార్ కట్టెయ్యి, ట్యాంకు నిండింది" అని నన్ను కేకేసిన మనిషి.

నమ్మలేదు. నేను దేన్నీ చప్పున నమ్మనని మీకు తెలుసు. మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు ఏడ్చాను.

ఏడుస్తూనే ఇంకో భయం.
ఇక మా ఇల్లు?

కొట్లాట కేసులో మా ఆయన జైలుకెళ్ళి వచ్చాక, ఇబ్రహీంపట్నంలో, గుణదలలో మేం తిరగని వీధి లేదు. వేరేవాళ్ళు చెప్పేలోపు ఆయనే చెప్పేసేవాడు. ఓనర్లు కాఫీ ఇచ్చి మరీ "మా బంధువులు దిగుతున్నారండీ" అనేవాళ్ళు. అందరి బంధువులూ ఆ నెలలోనే దిగారు.

సీతారావమ్మ గారికీ చెప్పాడు. "పిన్నిగారూ, నేను జైలుకెళ్ళొచ్చానండీ."

ఆవిడ "అక్కడ తిండి ఎట్టా ఉండేదయ్యా?" అని అడిగారు. తర్వాత తాళం చేతిలో పెట్టారు.

ఇంత తేలిగ్గా ఇల్లు ఎవరిస్తారు? నాకు అనుమానం పట్టుకుంది. కోర్టు గొడవేమైనా ఉందేమోనని చుట్టుపక్కల వాకబు చేశాను. గోడలు తట్టి చూశాను. ఏమీ దొరకలేదు.

దొరికింది ఒక్కటే. గేటుకున్న టులెట్ బోర్డు.

మేం దిగి పాలు పొంగించుకున్నా ఆవిడ దాన్ని తీయలేదు. నెల అయింది, ఏడాది అయింది. గేటు కడిగినప్పుడల్లా బోర్డు కూడా తుడిచేవారు. ఎవరో వచ్చి ఇల్లు అడగడం, ఆవిడ ఏదో చెప్పి పంపేయడం కిటికీలోంచి చూసేదాన్ని. మంచి పార్టీ తగలగానే మమ్మల్ని పంపేస్తారు, అందుకే ఉంచారు అనుకున్నాను. సామాన్లు తెచ్చిన అట్టపెట్టెలు పారేయకుండా అటక మీద దాచాను.

మా ఆయన "అడగరాదూ" అనేవాడు. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని నోరు మూసుకున్నాను.

నిన్న సాయంత్రం, శ్మశానానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక, ఎదురింటి పెద్దాయన ఆవిడ కూతురు సుజాత గారిని పక్కకి పిలిచారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. నిలబడకుండా ఎలా ఉంటాను.

"ఆ జైలు కేసు వాళ్ళని ఎప్పుడు పంపిస్తావమ్మా? మీ అమ్మనెప్పుడు అడిగినా, బోర్డు పెట్టాగా, వేరేవాళ్ళు రాగానే పంపేస్తా అనేది."

"ఉందిగా బాబాయిగారూ బోర్డు. ఎవరన్నా రాగానే పంపేస్తాం" అన్నారావిడ.

అటక మీది అట్టపెట్టెలు గుర్తొచ్చాయి.

ఆయన వెళ్ళాక సుజాత గారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"అమ్మ హాస్పిటల్లో నాకు నేర్పింది. వీధిలో వాళ్ళు అడిగితే బోర్డు చూపించాలంట. ఇంటికోసం వచ్చినవాళ్ళకేమో, ఇప్పుడే అడ్వాన్స్ తీసుకున్నామని చెప్పాలంట. మీరెక్కడికీ వెళ్ళొద్దమ్మా."

ఇన్నేళ్ళూ మమ్మల్ని కాసింది ఆ బోర్డు. దాన్ని నేను రోజూ తిట్టుకున్నాను. ఆవిడని కూడా.

ఈ పోస్ట్ మా వీధివాళ్ళకి కనపడకుండా సెట్టింగ్ పెట్టాను. స్క్రీన్‌షాట్ తీసి పంపే అలవాటు ఎవరికుందో నాకు తెలుసు. పంపొద్దు.

ఇవాళ పొద్దున మా ఆయన నల్ల పెయింట్ తెచ్చి, బోర్డు మీద వెలిసిపోయిన అక్షరాలు మళ్ళీ దిద్దాడు. ఎదురింటాయన చూసి, తృప్తిగా తలూపి లోపలికెళ్ళారు.

బోర్డు సంగతి మేం చూసుకుంటాం పిన్నిగారూ.
మీరు ప్రశాంతంగా పడుకోండి.