రాజుల పండగకు చేమంతులు

మదాం ఇంట్లో వంటకు చేరినప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో, సముద్రానికి రెండు వీధులు ఇవతల పసుపు గోడల ఇల్లు. ఆమెది స్పెయిన్. భర్త ఫ్రెంచివాడు, ఇక్కడే పోయాడు, ఇక్కడే పూడ్చారు. పిల్లల్లేరు. అరియాంకుప్పంలో పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేదాన్ని. అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి. మా మధ్య నడిచేది ఆమె వచ్చీరాని తమిళం, నా వచ్చీరాని ఇంగ్లీషు. వాళ్ళ దేశం ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే ఇప్పటికీ తడబడతాను గానీ, వాళ్ళ పండగలు మాత్రం నెలల వారీగా అప్పజెప్పగలను.

కొత్త సంవత్సరానికి గడియారం పన్నెండు కొడుతుంటే ఒక్కో గంట మోతకు ఒకటి చొప్పున పన్నెండు ద్రాక్షపళ్ళు మింగాలి. వాళ్ళ అర్ధరాత్రి మనకు తెల్లవారుజాము నాలుగున్నర, ఆ ఒక్క రాత్రి నేను అక్కడే పడుకునేదాన్ని. మొదటి ఏడాది ఏడో పండుకే నాకు పొలమారింది. పండగంటే తీరిగ్గా కూర్చుని తినాలి గానీ ఇదేం పందెం అని తిట్టుకున్నాను. జనవరి ఆరున ముగ్గురు రాజుల పండగ. ముందురోజు వరండాలో చెప్పులు పెడితే రాజులొచ్చి వాటిలో కానుకలు పెట్టి పోతారట. ఒక ఏడాది రాజులకంటే ముందు వీధికుక్క వచ్చి నా ఎడమ చెప్పు ఎత్తుకుపోయింది. ఈస్టర్‌కి ముందు వారం బ్రెడ్డుని పాలలో నానబెట్టి, గుడ్డు సొనలో ముంచి వేయించి, పైన చక్కెర, దాల్చిన చెక్క పొడి చల్లాలి. జూన్‌లో నిప్పుల పండగ. నవంబరు ఒకటిన సమాధులు కడగడం. ఆగస్టులో ఏదో ఊళ్ళో ఒకరి మీద ఒకరు టమాటాలు విసురుకుంటారని ఆమె చెప్పినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. టమాటా కిలో ఎంతో తెలిసిన మనుషులు చేసే పనేనా అది?

ఏ పండగైనా మదాం చెల్లెలి ఫోను రాకుండా మొదలయ్యేది కాదు. ఇద్దరూ అరగంట సేపు గొంతులు చించుకునేవారు. మొదట్లో పోట్లాడుకుంటున్నారనుకున్నాను. అది వాళ్ళ గారాబమని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నాలుగేళ్ళ కిందట మదాంకి మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు, తర్వాత వీధి పేరు, తర్వాత నా పేరు. పండగలు మాత్రం పోలేదు. ఇవాళ ఏ వారమో తెలియని మనిషి, ఈస్టరు దగ్గర పడగానే బ్రెడ్డు తెచ్చావా అని అడిగేది. ఫోనులో చెల్లెలి గొంతు వినపడితే మొహం విచ్చుకునేది. ఆ ఒక్క మొహం చూడడానికే నేను ఆ ఇంట్లో ఉండిపోయానని ఇప్పుడు అనిపిస్తుంది.

పోయిన ఏడు అక్టోబరు వానల్లో ఆ చెల్లెలు చనిపోయింది. ఆమె కొడుకు ఫోన్ చేసి, పెద్దమ్మకు చెప్పొద్దు, తట్టుకోలేదు అన్నాడు. ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను.

"పావం, ఆ ముసలామెకి చెప్పబాకమ్మే," అంది అత్త. "చెప్పి ఏం బావుకుంటావు? సుమ్మా ఉండు."

సుమ్మా, ఊరికే ఉండడం ఎలా కుదురుతుంది? నవంబరు ఒకటిన భర్త సమాధి దగ్గర నుంచి రాగానే, చెల్లెలు ఫోన్ చేసిందా అని మదాం అడిగింది. మీరు పడుకున్నప్పుడు చేశారన్నాను. ఏమందట? అక్కడ వానలట, మోకాలి నొప్పట. అబద్ధమాడితే అతికేట్టుండాలంటారు. నావి ఎంత బాగా అతికాయంటే, క్రిస్మస్‌కి ఆ మోకాలికి కట్టు కూడా కట్టించాను. ద్రాక్షపళ్ళ వేళకు తుపానుకు ఫోను లైన్లు పోయాయన్నాను. ఆమె నమ్మింది. నాకు సిగ్గేసింది, కొంచెం గర్వంగా కూడా ఉండింది.

రాజుల పండగ వచ్చింది. పద్దెనిమిదేళ్ళూ బల్ల సర్దడం, పూలు అమర్చడం మదామే చేసుకునేది. నాది వంటింటి వరకే. ఈసారి ఆమె చేతులు వణుకుతున్నాయి, అంతా నా మీద పడింది. ఎలాగైనా ఆమెను సంతోషపెట్టాలని పంతం పట్టాను. గుండ్రటి రొట్టె కాల్చి, వాళ్ళ పద్ధతి ప్రకారం లోపల ఒక చిక్కుడు గింజ దాచాను. అది ఎవరి ముక్కలో వస్తే వచ్చే ఏడు రొట్టె ఖర్చు వాళ్ళది. మార్కెట్లో ఐదు మూరల పచ్చ చేమంతులు కొని గుమ్మానికి రెండు కట్టాను, రొట్టె చుట్టూ రెండు పరిచాను. చేమంతి లేకుండా మనకు ఏ శుభం జరుగుతుంది? మిగిలిన మూర నా తల్లో తురుముకున్నాను.

మదాం వచ్చి బల్ల చూసింది. నా తల చూసింది. మెల్లగా కూర్చుంది.

"ఎవరు పోయారు?" అంది.

నాకేమీ అర్థం కాలేదు. ఆమె ఒక పువ్వు తెంపి నా చేతిలో పెట్టింది. "మా దేశంలో ఇవి సమాధులకే పెడతాం. పండగ బల్ల మీద పెట్టావంటే, నోటితో చెప్పలేక ఇలా చెబుతున్నావు. ఎవరు? నా చెల్లెలా?"

ఏటేటా ఆమె భర్త సమాధి దగ్గరికి ఈ చేమంతుల బుట్ట మోసింది నేనే. మనకు దేవుడికీ పెళ్ళికీ పాడెకూ అదే పువ్వు గనక, వాళ్ళకూ అంతేననుకున్నాను. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. రెండు నెలలు గడగడా అబద్ధాలాడిన నోరు ఆ పూట పెగల్లేదు. ఆమె నా మొహం చూసి తెలుసుకుంది. ఏడ్చింది. రొట్టె కోయలేదు.

ఆమెను ఊరడించడానికి ఏం చెప్పాలో తోచక నోటికొచ్చింది చెప్పాను. మాలో ఇంట్లో ఒకరు పోతే ఏడాది పాటు పండగ చెయ్యరు మదాం, మీరూ ఈ ఏడు ఏమీ చేసుకోనక్కర్లేదు, ఊరికే కూర్చోండి అన్నాను. దయగా మాట్లాడాననుకున్నాను. అంతకంటే చెడ్డ మాట నా జన్మలో అనలేదు.

సాయంత్రానికి చెల్లెలి చావు ఆమె మర్చిపోయింది. ఈ మాట మాత్రం మర్చిపోలేదు. నిలవాల్సింది నిలవని ఆ తలలో ఇది మేకులా దిగింది. ఈస్టరు ముందు బ్రెడ్డు వేయించి ప్లేటు ముందు పెడితే పక్కకు నెట్టింది.

"ఇంట్లో చావు జరిగింది కదా, పండగేంటి?" అంది. ఆ వెంటనే, "ఎవరు పోయారు?" అని అడిగింది.

చెప్పాను. అప్పుడే విన్నట్టు ఏడ్చింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను, మళ్ళీ అదే ఏడుపు. మూడోసారి నా వల్ల కాలేదు. ఎవరూ పోలేదు మదాం అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు నా నిజానికీ విలువ లేదు, నా అబద్ధానికీ విలువ లేదు. మా అత్తకు చెప్పుకుని ఏడిస్తే, "యాడన్నా వేరే ఇల్లు చూసుకోరాదా, నీకేంది ఈ కర్మ?" అంది. ఆమె చెప్పింది సబబే. కానీ వెళ్ళలేకపోయాను.

జూన్‌లో నిప్పుల పండగ. బీచిలో మంట వేస్తే పోలీసులు ఊరుకోరు గనక, ఏటా మేడ మీద కుంపట్లో నాలుగు పుల్లలు వేసుకుని, పాత కాగితాలు కాల్చి, ఆ మంట మీంచి దాటేవాళ్ళం. ఈ ఏడూ కుంపటి పైకి మోశాను. ఆమెను చెయ్యి పట్టి ఎక్కించి కుర్చీలో కూర్చోబెట్టాను. మంట అంటుకుంది. ఆమె దాన్ని చూడలేదు, నా వైపే చూస్తూ కూర్చుంది. పాలవాడు వచ్చాడా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"పోయింది నేనేనా?"

"అయ్యో, కాదు మదాం. మీరు నా ఎదుటే ఉన్నారు కదా."

తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"మరైతే నా చెల్లెలు నాకు ఫోన్ ఎందుకు చెయ్యడం లేదు?" అంది.