కరెంటు పోయిందని చెప్పిన నవంబరు

కుదుదండ్ పేటలో నా కంప్యూటరు దుకాణానికీ పక్కనున్న పిండి మరకీ మధ్య ఒకటే గోడ. మర తిరుగుతున్నంతసేపూ నా బల్ల సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ సంగతి మరిచిపోయి అబద్ధమాడాను.

మా తాతగారు రైల్వేకి పట్టాల కింద వేసే స్లీపర్లు సరఫరా చేసిన కాంట్రాక్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, హిందీ మాట్లాడే ఈ ఊళ్ళో పన్నెండు గదుల ఇల్లు కట్టారు. ఆయన వీధిలోకి వస్తే మనుషులు లేచి నిలబడేవారని విన్నాను, చూడలేదు. నాకు ఊహ తెలిసేనాటికి ఆ ఇల్లు చేతులు మారింది. దాని వెనక రెండు గదుల్లో మేమే అద్దెకుండేవాళ్ళం. మాకు మిగిలినవి ఒక టేకు కుర్చీ, ఒక నియమం. మన లోటు బయటివాళ్ళ కంటపడకూడదు. ఇక్కడ సిగిడీ అనే బొగ్గుల కుంపటి వెలిగించని పూట కూడా నాన్నగారు వరండాలోకి వచ్చి, చెంబునీళ్ళతో చెయ్యి కడుక్కుని, తుండుతో తీరిగ్గా తుడుచుకునేవారు. ఎదురుగా ఉన్న రైల్వే క్వార్టర్లవాళ్ళు మేము భోంచేశామనుకోవాలి కదా.

ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని నేను జనానికి ఫారాలు నింపుతాను. ఏటా నవంబరులో పింఛను తీసుకునేవాళ్ళు తాము బతికే ఉన్నట్టు ధ్రువపత్రం పంపాలి. వేలిముద్ర పరికరం మీద వేలు పెడితే చాలు. కొన్నేళ్ళ కిందటి నవంబరులో నా పాత పరికరం పాడైతే, వేరే కంపెనీది కొత్తది తెచ్చి తగిలించాను. పింఛను సైటు వేలిముద్ర అడిగి, పరికరంలో ఎర్రదీపం వెలిగిందో లేదో తెరంతా నీలమైపోయింది. కంప్యూటరు తనంతట తనే ఆగి మళ్ళీ మొదలైంది.

ఆ రోజు ఎదురుగా ఒక రిటైర్డు రైలు గార్డుగారు కూర్చుని ఉన్నారు. ఆలోచించకుండానే నా చెయ్యి మానిటరు మీట మీదికి వెళ్ళింది. తెర ఆర్పేసి, "కరెంటు పోయిందండీ, రేపు రండి" అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు.

తర్వాత ఒంటరిగా కూర్చుని నాకు తెలిసినవన్నీ చేశాను. కేబులు మార్చాను. పెట్టె విప్పి దుమ్ము దులిపాను. వైరస్ వెతికించాను. కొత్త పరికరం తాలూకు డ్రైవరును, అంటే దాన్ని కంప్యూటరుతో మాట్లాడించే ప్రోగ్రామును, మూడుసార్లు ఎక్కించాను. అంతా బాగానే కనిపించేది. సైటు అడిగితేనే ఎర్రదీపం వెలుగుతుంది, సైటు అడగాలంటే పింఛనుదారు ఎదురుగా ఉండాలి. మనిషి ఎదురుగా ఉన్నప్పుడేమో తెర నీలం కాగానే ఆర్పేసేవాణ్ణి. పక్కవీధిలో రిపేరు చేసేవాడున్నాడు. అతన్ని అడగడానికి నాకు మనసొప్పలేదు.

గార్డుగారి తర్వాత ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ భర్త గ్యాంగుమన్‌గా పనిచేసి పోయాడు. ఒకప్పుడు మా వరండాకి ఎదురు క్వార్టరులో ఉండేవాళ్ళు, ఇప్పుడు సర్కండాలో కూతురి దగ్గర ఉంటోంది. అర్పా నది దాటి ఆటోలో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ కరెంటు పోయిందని చెప్పాను. బ్యాంకుకి పోతానంటే, "అక్కర్లేదు, అవుతుందని నేను చెప్పానంటే అవుతుంది" అని మాటిచ్చాను.

మూడోసారి వచ్చేసరికి నెలాఖరు రోజు. బ్యాంకు కూడా మూసే వేళ.

"ఏటి బాబూ, ఇయ్యాలైనా నన్ను బతికిస్తావా?" అంటూ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. "ఈ కాయితం ఎల్లకపోతే ఆఫీసోలు నన్ను సచ్చినోళ్ళలో కలిపీస్తారట. మా అల్లుడు ఒకటే నవ్వు, అత్తకి దినాలు ఎప్పుడు పెట్టమంటావని."

"అవుతుంది" అన్నాను.

ఆవిడ పింఛను నంబరు కొట్టాను. ఎర్రదీపం వెలిగింది. ఆవిడ బొటనవేలు పెట్టింది. తెర నీలమైంది. మీట నొక్కేశాను.

"కరెంటు పోయింది."

గోడ అవతల మర గడగడలాడుతోంది. బల్ల మీద ఆవిడ కళ్ళజోడు పెట్టె వణుకుతోంది.

"అచ్ఛా" అంది ఆవిడ. "మరి ఆ పిండిసక్కీ దేంతో తిరుగుతోంది బాబూ? ఎద్దుని కట్టేరేటి?"

నిటారుగా కూర్చున్నాను.

"మీ నాన్నగారూ ఇంతే" అంది, గొంతు తగ్గించి. "సిగిడీలోంచి పొగ రాని రోజున కూడా సెయ్యి కడిగీవోరు. మా లైనంతటికీ తెలుసు బాబూ. ఆయన సెంబు పట్టుకొస్తే మేమే మొకాలు తిప్పుకొనేవోళ్ళం, పెద్దోరు, సిన్నబుచ్చుకుంటారని. ఇయ్యాల నాను తిప్పుకోను. నాకు టైము లేదు."

చెవులు వేడెక్కాయి. మానిటరు వెలిగించి, మళ్ళీ నంబరు కొట్టి, వేలు పెట్టమన్నాను. తెర నీలమైంది. మీట వైపు వెళ్ళబోయిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఇదేటిది? సెడిపోయిందా?"

"చెడిపోయింది" అన్నాను.

నీలం తెర మీద ఏడుపు ముఖం బొమ్మ, కొన్ని వాక్యాలు. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాలతో, దేనివల్ల ఆగిపోయిందో చెబుతూ ఒక ఫైలు పేరు. ఆ పేరులో మొదటి అక్షరాలు కొత్త పరికరానివి కావు, పాత కంపెనీవి. పాత పరికరాన్ని అటక మీద పడేశాను కానీ దాని డ్రైవరును తీసేయలేదు. ఎర్రదీపం వెలిగినప్పుడల్లా అది కొత్తదాని పనిలో తలదూరుస్తోంది. ఇన్ని రోజులూ తెర ఈ మాటే చెబుతోంది, నేనే చదవలేదు.

ఫైలు పేరు ఫారం వెనక రాసుకున్నాను. "కాసేపు పడుతుంది పిన్నీ" అన్నాను. ఆవిణ్ణి వరస పెట్టి పిలవడం అదే మొదటిసారి. కంప్యూటరును, తప్పనిసరి ప్రోగ్రాములతోనే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, పరికరాల జాబితా ఉండే డివైజ్ మేనేజర్‌లో కనపడకుండా ఉన్న పరికరాలను కూడా చూపించమన్నాను. పాతది అక్కడే ఉంది. డ్రైవరుతో సహా తొలగించాను. కంప్యూటరును మళ్ళీ మామూలుగా తెరిచి, కొత్త కంపెనీ సైటు నుంచి దాని డ్రైవరు దింపి ఎక్కించి, ఆ తర్వాతే పరికరం తగిలించాను. ఈలోపు ఆవిడ టీ తాగి, మా నానమ్మ పెట్టే ఆవకాయలో ఉప్పెక్కువని చెప్పింది.

ఎర్రదీపం వెలిగింది. తెర మారలేదు. అంట్లు తోమి అరిగిన బొటనవేలిని పరికరం ఒప్పుకోలేదు, చూపుడువేలినీ ఒప్పుకోలేదు. తడిగుడ్డతో తుడిచి ఉంగరపు వేలు పెట్టిస్తే ఒప్పుకుంది. కాగితం అచ్చయి వచ్చింది.

"ఏటని రాసేరు?"

"మీరు బతికే ఉన్నారని."

"తెలిసిందే" అని మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "కరెంటొచ్చీసిందా బాబూ?" అంది.

"అసలు పోలేదు పిన్నీ."

ఆవిడ ఆటో ఎక్కాక గార్డుగారికి ఫోను చేశాను. ఆయన పని బ్యాంకులో ఎప్పుడో అయిపోయిందట. "ఆ రోజు కరెంటు పోలేదండీ, నా మిషను చెడిపోయింది" అన్నాను.

"తెలుసులెండి" అన్నారాయన.