కొసరు సంచి

మా దుకాణంలో ధర దిగకూడదు, పక్క దుకాణంలో ధర నిలవకూడదు. జనగామలో బట్టల వ్యాపారం చేసే మా ఇంట్లో ఇదే మొదటి పాఠం. రెండో పాఠం, ధర దిగాక కొసరు అడగడం. రెండింట్లోనూ నేను నాయినను మించిపోయానని గర్వపడేదాన్ని.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బందులతో దుకాణం తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. గిరాకీ పోతుందని ఏనాడూ జాతరకు కదలని నాయిన ఆ ఏడు, "ఎట్లాగు మూసిన దుకాణమే, పోదాం పా" అన్నాడు. భూపాలపల్లి దిక్కు అడవిలో రెండేళ్లకోసారి జరిగే తల్లుల జాతర అది. మహబూబాబాద్‌లో ఉండే మా మేనత్త ఒక్క జాతర కూడా వదిలేది కాదు. ఆ ఏడు మాత్రం మంచం దిగలేకపోయింది.

"తమ్మీ, తల్లి గద్దెకొచ్చేటప్పుడు డప్పుల సప్పుడు ఫోన్ల ఇనిపియ్యి. గదొక్కటి ఇంటే సాలు" అని నాయినతో మాట తీసుకుంది.

గుడారంలో కరెంటుండదు కదా అని ఎండతో ఫోను నింపే సోలార్ చార్జర్ కొనడానికి వెళ్లాను.

"అక్కా, మీరు గూడ దుకాణపోళ్లే. జర నా మొకం సూడుండ్రి" అన్నాడు అమ్మేవాడు.

"నీ మొకం సూసే గింత ఇస్తున్న. కొసరేది మరి?"

అతను విసుగ్గా ఒక నల్ల గుడ్డసంచి విసిరాడు. చార్జర్ పలక అందులో సరిగ్గా పట్టింది. రాజ్యం గెలిచినట్టు ఇంటికొచ్చాను.

తల్లి గద్దెకొచ్చే రోజు పొద్దున మాకున్న ఒక్క ఫోను ఆరిపోవడానికి సిద్ధంగా ఉంది. పలకను ఎండలో పెట్టి, వైరు ఫోనుకు తగిలించి, నాయినను చూస్తుండమని చెప్పి వాగుకు స్నానానికి పోయాను. ఆ జనంలో తిరిగొచ్చేసరికి పొద్దు చెట్ల వెనక్కి వాలింది. నాయిన కదలకుండా అక్కడే కూర్చున్నాడు. పలక మాత్రం నల్ల సంచిలో ఉంది. మూతికి ముడి కూడా వేశాడు.

"ఇదేంది నాయినా?"

"ఎండ మస్తు గొడుతాంది బిడ్డా. కొత్త సరుకు, రంగు పోదా?"

మధ్యాహ్నమైతే దుకాణానికి పరదా దించి, చీరల మీద ఎండ పొడ పడనివ్వని మనిషి. ముడి విప్పి చూస్తే ఫోను ఆరిపోయే ఉంది.

డప్పులు మొదలయ్యాయి. పక్క గుడారపాయన తన ఫోను ఇచ్చాడు. కానీ అత్త నంబరు మా ఇద్దరికీ నోటికి రాదు, అది ఆరిపోయిన ఫోనులోనే ఉంది. నాయిన ఆరిపోయిన ఆ ఫోనునే డప్పుల వైపు ఎత్తి పట్టుకున్నాడు, సప్పుడు అందులో నిలవ ఉంటుందేమో అన్నట్టు.

తిరుగుదారిలో బెల్లం ప్రసాదంతో అత్త దగ్గరికి వెళ్లాం. జరిగింది విని పగలబడి నవ్వింది. "ఎండకు గూడ పరదా కట్టినవా తమ్మీ! పోనియ్యి, మల్ల జాతరకు ఇనిపిద్దువు."

జాతర మళ్లీ రెండేళ్లకు గానీ రాదు. అత్త అన్నాళ్లు ఆగలేదు.

రెండేళ్లకు వచ్చిన జాతరలో నాయిన తలకు తువ్వాల చుట్టుకుని, పలకను ఒళ్లో పెట్టుకుని, పొద్దు ఎటు తిరిగితే అటు తిప్పుతూ ఎండలోనే కూర్చున్నాడు. డప్పులు మోగేసరికి ఫోను నిండుగా ఉంది.

"ఎవలికి జేద్దాం బిడ్డా?" అన్నాడు.

నేను ఫోను అందుకుని డప్పుల వైపు ఎత్తి పట్టుకున్నాను.